వేడి చేసిన పిల్లికి నా వైద్యం

పిల్లి మంచం మీద ఒంటికి పోసిందని మీరు నా దగ్గరికి వచ్చారంటే సరైన చోటికే వచ్చారు. మా ఇంట్లో ఈ బాధ మూడేళ్లలో నాలుగుసార్లు తిరగబెట్టింది. ఒక్కసారితో నయం చేసుకున్నవాడికి అనుభవం ఏముంటుంది?

రోగి పేరు జున్ను. తెల్లటి మగపిల్లి, ఐదేళ్లు, ఆపరేషన్ అయింది, ఆరు కిలోల పైమాట. మేముండేది మియాపూర్‌లో (నవ్వకండి, పిల్లిని చూసి కొన్న ఫ్లాటు కాదు), నాలుగో అంతస్తు. గుమ్మం దాటి ఎరగడు. పొద్దున్నా సాయంత్రం డ్రై ఫుడ్డు, మిగతా వేళంతా నిద్ర. ఈ జబ్బు ఎలాంటి పిల్లికి వస్తుందని అడిగితే మా డాక్టరమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది: నడివయసు దాటనిది, ఒళ్లు చేసింది, ఇల్లు కదలనిది, పొడి తిండి తినేది, అలికిడికి బెదిరేది. జున్నుని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంది.

గుర్తుపట్టడం తేలిక. గంటలో పదిసార్లు ట్రేలోకి వెళ్తాడు, లిట్టర్ తవ్వుతాడు, కూర్చుంటాడు, ఒక చుక్క పడితే పడినట్టు. మధ్యలో ఓ కేక. బయటికొచ్చి అక్కడే నాక్కుంటాడు. ఆనక మీ దుప్పటి మీదో, స్నానాల గది పట్టా మీదో, వంటింటి సింకులోనో గులాబీరంగు మరక. అది రక్తం. ఇది చూసి కంగారుగా డాక్టరుకి ఫోన్ చేసేవాళ్లున్నారు. తొందరపడకండి. నేరం ఎవరిదో ముందు తేల్చాలి.

నేరం పిల్లిదే. కక్ష. మొన్న నేను కుర్చీలోంచి దింపేసినందుకు నా దుప్పటే వెతుక్కుని మరీ పోశాడు. మెడ పట్టుకుని మరక దగ్గరికి తీసుకెళ్లి పేపరు చుట్టి నేల మీద చరుస్తూ గట్టిగా అరవండి. మా డాక్టరమ్మ వాదన వేరు. ట్రేలో కూర్చున్నప్పుడల్లా మంట పుడుతుంటే ఆ మంట ట్రేయే పెట్టిందనుకుంటుందట పిల్లి; అందుకని మెత్తగానో చల్లగానో ఉన్న మరో చోటు వెతుక్కుంటుందట. "బెదురుతో ముదిరే జబ్బంకుల్ ఇది, మీరు ఇంకా బెదరగొడుతున్నారు" అంది. చిన్నపిల్ల, పిల్లుల సంగతి ఆమెకేం తెలుసు, పదేళ్లుగా వాటికి వైద్యం చేస్తోందంతే.

మా అమ్మ మాత్రం చూడగానే చెప్పేసింది: "వాడికి వేడి చేసిందిరా." ఒంటేలు మంటంటే వేడి, వేడంటే బార్లీ నీళ్లు. దానికి తిరుగు లేదు. బార్లీ కాచి చల్లార్చి గిన్నెలో పెట్టాం. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. సబ్జా గింజలు నానబెట్టాం; గిన్నెలో అవి కదులుతుంటే మంచం కిందికి పరిగెత్తాడు. బొడ్డులో ఆముదం రాయమంది అమ్మ. ఆ బొచ్చులో బొడ్డు ఎక్కడుందో వెతకడానికి అరగంట పట్టింది. దొరికిందో లేదో ఇప్పటికీ తెలియదు, నా ముంజేతి మీద గీతలు మాత్రం ఉన్నాయి. కానీ చూడండి, ఆరో రోజుకి పిల్లి మామూలుగా పోసింది.

ఈ ఘనత కూడా డాక్టరమ్మ మిగల్చలేదు. మూత్రానికి అడ్డం పడనంతవరకు ఈ మంట మందు వేసినా వేయకపోయినా చాలా పిల్లుల్లో వారం రోజుల్లో దానంతటదే సద్దుమణుగుతుందట. అందుకే బార్లీ పోసినవాడు బార్లీ అంటాడు, యాంటీబయాటిక్ వేసినవాడు యాంటీబయాటిక్ అంటాడు, దిష్టి తీసినావిడ ఎండుమిరపకాయలంటుంది. నాకు ఇందులో ఒక కిటుకు తోచింది, ఎవరికీ చెప్పకండి: ఐదో రోజు దాకా చేతులు కట్టుకు కూర్చుని, ఆరో రోజు ఏదో ఒకటి మొదలుపెట్టండి. హస్తవాసి మంచిదని పేరొస్తుంది.

మందుల డబ్బా సంగతి కూడా చెప్తాను. నిరుడు నా గొంతునొప్పికి రాసిన యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు మిగిలి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక జున్నుకి అందులో ముక్క వేశాను. పదేళ్ల లోపు పిల్లుల్లో ఒంటేలు మంటకి సూక్ష్మజీవులు కారణం కావడం అరుదని, పరీక్షలో అవి కనబడితే తప్ప ఆ మందు ఎందుకూ పనికిరాదని తర్వాత విన్నాను. పరీక్షకి నేను పట్టిచ్చిన శాంపిల్‌లో స్ఫటికాలు కనిపిస్తే "రాళ్లు, రాళ్లు" అని ఇంటిల్లిపాదికీ ఫోన్లు చేశాను. అవి ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ ఉంటాయట. అదీగాక నేను ఆ సీసాను రాత్రంతా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన దాచాను, చల్లబడితే కొత్తగా కూడా ఏర్పడతాయట. నొప్పికి పారాసెటమాల్ ఇద్దామని మాత్ర విరుస్తుంటే మాత్రం మా ఆవిడ నా చేతిమీద కొట్టి లాక్కుంది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. మనిషి వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఈ ఒక్క విషయంలో మా ఆవిడకి ఎదురు చెప్పను.

మరి అసలు కారణం ఏమిటంటే, ఇల్లు అంటారు ఈ డాక్టర్లు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే పశువైద్యుడు ఏళ్ల తరబడి ఈ పిల్లులనే చూస్తూ కూర్చున్నాడట. రోగం మూత్రాశయంలో కనిపిస్తుంది గానీ మొదలయ్యేది అక్కడ కాకపోవచ్చని, బెదురుకి స్పందించే ఏర్పాటు మొత్తం అదుపు తప్పిన పిల్లిలో మూత్రాశయం కూడా ఒక బాధితురాలని ఆయన లెక్క. 2011లో దీనికి పండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. అదే ఏడు వచ్చిన మరో పరిశీలనలో ఈ జబ్బున్న పిల్లులు 20, లేనివి 12, అన్నిటినీ 77 వారాలు చూశారు. తిండి వేళ తప్పడం, చూసే మనిషి మారడం లాంటివి జరిగిన వారాల్లో జబ్బు లేనివి కూడా వాంతి చేసుకున్నాయి, తిండి మానేశాయి, ట్రే బయట పోశాయి. అంతకు ముందు 2006లో, ఇళ్లలో పెరిగే 46 రోగి పిల్లులకి ఇల్లే సర్ది చూశారు: ట్రేలు, నీళ్లు, ఎక్కడానికి ఎత్తులు, దాక్కోవడానికి మూలలు, రోజూ కాసేపు ఆట. పది నెలలు చూస్తే చాలావాటికి ఒంటేలు బాధలు తగ్గాయి.

పిల్లి కోసం ఇల్లు సర్దడమా! ఈఎంఐ కట్టేది నేను.

అందుకని ట్రే ఎక్కడ పెట్టాలో నేను చెప్తాను వినండి. వాష్ ఏరియాలో, వాషింగ్ మెషీన్‌కీ గోడకీ మధ్య. వాసన ఇంట్లోకి రాదు, చుట్టాలకి కనబడదు. ఒక్కవైపే దారి ఉంటుంది కాబట్టి పిల్లి ఎటూ పోలేదు. మెషీన్ స్పిన్‌లో పడి గడగడలాడినప్పుడు మొదట్లో ఎగిరిపడతాడు, అలవాటవుతుంది. మా వాడు మూడేళ్లుగా అలవాటు పడుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ లెక్క వేరు: పిల్లి వేటాడే జంతువే గానీ తనకన్నా పెద్దవాటికి వేట కూడానట. అందుకని ఒంటికి కూర్చున్నప్పుడు రెండు వైపులా చూపు ఆనాలి, లేచి పారిపోయే దారి ఉండాలి. ట్రే పొడవు పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకి ఒకటి ఎక్కువ ట్రేలు ఉండాలి, అంటే ఒక్క జున్నుకి రెండు. ఇంట్లో నలుగురం మనుషులం ఉన్నాం, మాకు ఉన్నవీ రెండే బాత్రూములు.

లిట్టర్ రెండు రోజులకోసారి తీస్తే చాలు. తీసినప్పుడు ఫినాయిల్ వేసి ఘాటుగా కడగండి, మల్లెల వాసన లిట్టర్ పోయండి. ఆ వాసన మనకి హాయి; మనకన్నా ఎన్నో రెట్లు చురుకైన ముక్కుకి ఎలా ఉంటుందో మనకనవసరం. ఫినాయిల్ పిల్లికి విషమని, పాదాలకి అంటుకున్నది నాక్కుంటుందని అన్నారు. మా ఆవిడ అప్పటి నుంచి రోజుకి రెండుసార్లు తీసి, వారానికోసారి మామూలు సబ్బునీళ్లతో కడుగుతోంది. లిట్టర్‌కి అసలు వాసనే ఉండకూడదట. వాసన లేనిదానికి డబ్బు ఎక్కువ తీసుకోవడం నాకు నచ్చలేదు.

నీళ్ల గురించి చెప్పాల్సింది కొంచెమే. పెంపుడు పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా ఎడారి అంచుల అడవిపిల్లులు. వేటాడిన ఎలుకలోని తడితోనే చాలావరకు గడుపుకునేవి. ఆ అలవాటు పోలేదు, దాహమేసినా గిన్నె దగ్గరికి వెళ్లడం తక్కువ. పొడి తిండిలో నీళ్లు పదో వంతు, డబ్బా తడి తిండిలో ముప్పాతిక. ఒంటేలు చిక్కబడితే మంట పెరుగుతుంది. నేను నీళ్ల గిన్నెను తిండి గిన్నెకి ఆనించి, రెండింటినీ ట్రే పక్కన పెట్టాను, అన్నీ ఒకేచోట దొరుకుతాయని. మనల్ని బాత్రూంలో విస్తరి వేసి కూర్చోబెట్టినట్టుందంది మా ఆవిడ. వెడల్పాటి గిన్నెలు మూడు తెచ్చి మూడు గదుల్లో పెట్టింది. రెండు వారాలు కొద్దికొద్దిగా కలుపుతూ తడి తిండికి మార్చింది. తడి తిండే కావాలంటే మన కోడి పులుసు లేదా అని అడిగాను. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరగ్గొడతాయట. ఇన్ని పత్యాలు మా నాన్న షుగరుకి కూడా లేవు.

వాడు ఒంటరివాడై దిగులు పడ్డాడేమోనని నాకు జాలేసిన రోజు కూడా ఉంది. వెంటనే మా తమ్ముడి వాళ్ల పిల్లిని తెచ్చి హాల్లో వదిలాను. తోడు. రెండూ సోఫాకి ఆ చివరా ఈ చివరా కూర్చుని మూడు గంటలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి, నేను స్నేహమనుకున్నాను. ఆ రాత్రే మళ్లీ గులాబీ మరక. అతిథిని మర్నాడే పంపించేశాం. తమ్ముడు ఇప్పటికీ సరిగా మాట్లాడడు.

ఇక పోయిన దీపావళి. ఆ వారంలోనే గోడలకి రంగులు వేయించాను, పండగకి ఒక పనైపోతుందని. సామానంతా హాలు మధ్యలో. జున్ను ఎక్కి కూర్చునే బీరువా మీద పెయింటు డబ్బాలు. మా చెల్లెలూ బావా పిల్లలూ వచ్చారు. పిల్లలు వాణ్ణి మంచం కిందనుంచి లాగి ఎత్తుకున్నారు, ముద్దు. సాయంత్రం ఆరు నుంచి వీధంతా థౌజండ్‌వాలాలు. మర్నాడు పొద్దున్నుంచి వాడు ట్రేలోకి వెళ్తున్నాడు, ముక్కుతున్నాడు, వస్తున్నాడు. చుక్క లేదు. మలబద్ధకమని నిర్ధారించాను. ఆముదం ఇవ్వబోతే వాంతి చేసుకున్నాడు. రాత్రికి కాళ్లు మడుచుకుని నేలకి అతుక్కుపోయాడు. పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల గట్టిగా బత్తాయి కాయంత ఏదో తగిలింది, కెవ్వుమన్నాడు.

నా సలహా స్పష్టం: ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున చూద్దాం, ఎమర్జెన్సీ ఫీజు దండగ. మా ఆవిడ వినలేదు. తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టుకుని పదకొండింటికి ఆటో ఎక్కింది. నేను వెనకాల చెప్పులేసుకుని పరిగెత్తాను.

ఆడపిల్లి మూత్రనాళం పొట్టి, వెడల్పు. మగపిల్లిది పొడుగు, చివరికి వచ్చేసరికి సన్నం. వాపుతో ఊడిన పదార్థం, జిగురు, స్ఫటికాలు కలిసి అక్కడ బిరడాలా పడతాయి, లేదా నాళమే బిగుసుకుపోతుంది. అడ్డం పడ్డాక మూత్రపిండాలు పని ఆపేస్తాయి. రక్తంలో పొటాషియం పేరుకుని గుండె నెమ్మదిస్తుంది, తర్వాత ఆగుతుంది. రెండు మూడు రోజులు, అంతే. మత్తిచ్చి, గొట్టం వేసి, సెలైన్ ఎక్కించి మూడు రోజులు ఉంచుకున్నారు. "మగపిల్లికి చుక్క పడట్లేదంటే తెల్లారే దాకా ఆగకూడదంకుల్" అంది డాక్టరమ్మ, ఆ రాత్రి మాస్కు దించి. సోమవారం దాకా ఆగి ఉంటే ఫీజు సగమయ్యేదని నేను ఇప్పటికీ అంటూ ఉంటాను. మా ఆవిడ దానికి జవాబివ్వడం మానేసింది.

ఇప్పుడు పెత్తనమంతా ఆవిడదే. తిండి పొద్దున ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి, గడియారం తప్పదు. పడుకునే ముందు పది నిమిషాలు ఈకలు కట్టిన కర్ర పట్టుకుని వాడి వెంట గెంతుతుంది. బీరువా మీద పాత దుప్పటి పరిచింది. చుట్టాలొస్తే ఒక గది వాడికి, తలుపు వేసే ఉంటుంది. ఎనిమిది నెలలైంది, మరక లేదు. బార్లీ ఇప్పుడు పనిచేస్తున్నట్టుంది.

రెండో ట్రేకి ప్రశాంతమైన చోటు కావాలని ఇల్లంతా వెతికి, నా రాతబల్ల ఉన్న గదే బాగుందని తేల్చింది. రెండు తలుపులు, కిటికీ, చప్పుడు లేదు. బల్లకి జాగా చాలక వాష్ ఏరియాకి మార్చింది, మెషీన్‌కీ గోడకీ మధ్య ఖాళీ అయిన చోట సరిగ్గా పట్టింది. ఈ సలహాలన్నీ అక్కడ కూర్చునే రాస్తున్నాను. ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. కుర్చీ వెనక్కి జరిపితే గోడ తగులుతుంది, లేవాలంటే ఒకటే దారి. నాలుగు వాక్యాలు కుదురుగా పడేలోపు మెషీన్ స్పిన్‌లో పడుతుంది. పొద్దుటి నుంచి పదిసార్లు వచ్చి కూర్చున్నాను. వాక్యం వచ్చినట్టే ఉంటుంది, రాదు.