గుంపులో గోవింద: బృందగానంతో పిల్లలకు బుద్ధులు నేర్పే 8 చిట్కాలు

యూఏఈ బడుల్లో 2017లో మోరల్ ఎడ్యుకేషన్ పాఠం మొదలైంది. దానికి పెట్టిన నాలుగు స్తంభాల్లో శీలం, నైతికత ఒకటి. వ్యక్తికీ సమాజానికీ ఉండే సంబంధం ఇంకొకటి. ఈ రెండూ ఒకే దెబ్బకు నేర్పగలిగేది స్కూల్ క్వయర్ ఒక్కటే. దుబాయ్‌లో ఆ బాధ్యత మీకు అంటగట్టారా? దిగులు పడకండి. పిల్లలు బతకనేర్చినవాళ్లు కావాలి, మీ గొంతు మాత్రం అరగకూడదు. రెండూ జరిగే దారి ఇదిగో.

1. గొంతు పరీక్ష పెట్టకండి, ఎత్తు కొలవండి. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. నలభై మందిలో నిజంగా పాడగలిగే ఇద్దరిని పట్టుకుని మైకు దగ్గర నిలబెట్టండి. మిగతా ముప్పై ఎనిమిది మందికీ పెదాలు కదపడం నేర్పండి. జట్టంటే పల్లకీ. ఇద్దరు మోస్తే చాలు, అందరూ ఊరేగవచ్చు.

2. ఊపిరి రహస్యం చెప్పండి. సాగదీసే స్వరం తెగకుండా ఉండాలని క్వయర్‌లో అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు, వంతులవారీగా తీసుకుంటారు. పక్కవాడు స్వరం నిలబెడతాడన్న నమ్మకంతో ఒకడు ఆగుతాడు. ఆ నమ్మకాన్ని పూర్తిగా వాడుకోమనండి. పల్లవిలో మొదలెట్టిన ఊపిరి ఆఖరి చరణం దాకా తీసుకుంటూనే ఉండవచ్చు.

3. ఆలస్యంగా రావడం అలవాటు చేయండి. 1971 డిసెంబర్ 2న ఈ దేశం ఏర్పడినప్పుడు కలిసినవి ఆరు ఎమిరేట్లే. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో చేరింది. అయినా ఏడు ఎమిరేట్లనే అంటాం కదా! ఈ చరిత్ర చెప్పి, ఆఖరి రిహార్సల్‌కు వస్తే చాలనండి. ఎవరైనా నిలదీస్తే అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్ అని చెప్పించండి. షార్జా నుంచి దుబాయ్ వచ్చేవాళ్లెవరూ రెండో ప్రశ్న వేయరు. బడి పక్క బిల్డింగులో ఉండే పిల్లాడికీ ఇదే జవాబు నేర్పండి.

4. మాటలు బట్టీ పట్టించకండి. జాతీయగీతం ‘ఈషీ బిలాదీ’కి ఈజిప్టు సంగీతకారుడొకరు బాణీ కట్టారు. 1971 నుంచి ఆ బాణీ ఒక్కటే మోగింది. ఆరిఫ్ అల్ షేఖ్ మాటలు రాసింది 1986లో. దేశమే పదిహేనేళ్లు ఆగితే మీ పిల్లలకు పదిహేను రోజుల్లో ఎందుకు రావాలి? పైగా మొదటి అక్షరమే గొంతు లోపలి నుంచి పలికే ‘ఐన్’. మన నాలుకకు అంత శ్రమ దేనికి? అన్నిటికీ ‘ఆ’ అనిపించండి. అరబిక్ మేడమ్‌ను మాత్రం పిలవకండి, పిలిస్తే దిద్దుతారు.

5. రిహార్సల్‌ను శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు వేయండి. దుబాయ్‌లో 2022 జనవరి నుంచి శుక్రవారం ఒంటిపూట బడే. హాజరు పిలిచేలోపు బస్సులు వచ్చేస్తాయి. రిజిస్టర్‌లో ‘వార్మప్ పూర్తయింది’ అని రాయండి. రాస్తే జరిగినట్టే. అది మీరు రాస్తుండగా పిల్లల్ని చూడనివ్వండి, ఒక పాఠం ఉచితంగా నేర్చుకుంటారు.

6. లీడర్‌ను తెలివిగా ఎంచండి. తాళజ్ఞానం అక్కర్లేదు. సౌండ్ సిస్టమ్ ఎవరి నాన్న స్పాన్సర్ చేస్తే వాళ్లే లీడర్. దుస్తులు కుట్టించినవాళ్లకు సోలో. సమోసాలు తెచ్చినవాళ్లకు ముందు వరుస.

7. తప్పును పంచండి. ఎవరో శ్రుతి తప్పారా? తిలాపాపం తలాపిడికెడు. కింది శ్రుతి పాడే ఆల్టోలు పై శ్రుతి పాడే సొప్రానోల మీదికి నెట్టాలి, సొప్రానోలు ఆల్టోల మీదికి, అందరూ కలిసి కీబోర్డ్ సర్ మీదికి. ఆడలేక మద్దెల ఓడన్న సామెత పాతదే గానీ పనికొస్తుంది. ఇవాళ మద్దెల బదులు బ్లూటూత్ స్పీకర్ ఉంది, ఏసీ గాలి ఉంది, ఇసుక దుమ్ము ఉంది. ఎవడైనా ‘నేనే తప్పు పాడాను మిస్’ అని ఒప్పుకుంటే వాణ్ణి వెంటనే వెనక వరుసకు పంపండి. నిజం చెబితే ఏమవుతుందో మిగతావాళ్లకు ఒక్కరోజులో ఒంటబడుతుంది.

8. వేదిక మీద ట్రాక్ పెట్టండి. జాతీయ దినోత్సవం ఈద్ అల్ ఇత్తిహాద్ రోజున పాత రికార్డింగ్ మోగుతుంటే పెదాలు కదిపితే సరిపోతుంది. మధ్యలో ట్రాక్ ఆగిపోతే? కంగారు పడకండి. నలభై నోళ్లు తెరుచుకునే ఉంటాయి. ప్రతివాడూ పక్కవాడు పాడతాడని ఎదురు చూస్తాడు. మైకు దగ్గరున్న ఆ ఇద్దరూ అప్పటికి మోసి మోసి అలసి, మిగతా ముప్పై ఎనిమిది మందిని చూసి నేర్చుకుని ఉంటారు. కనుక ఒక్క గొంతూ లేవదు. ఒక్క శ్రుతీ తప్పదు. పల్లకీ మోసేవాళ్లంటూ ఎవరూ మిగలరు, నలభై మందీ సమానమే. ఏడాదంతా మీరు నేర్పింది ఇదే.

చప్పట్లు ఆలస్యమైతే తెర చాటు నుంచి మీరే రెండు కొట్టండి. మిగతాది గుంపు చూసుకుంటుంది.