పొలిమేర దాటని ఆవకాయ

ఆన్‌లైన్ వ్యాపారానికి ఎల్లల్లేవని ఊదరగొడుతున్నారు గానీ, ఆ ఎల్ల ఎక్కడుందో జగ్గయ్యపేట ఆవకాయ జాడీనడిగితే చెబుతుంది. ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటని ఆంధ్రా ఇల్లాలు, 2023 అక్టోబరు 1 నుంచి, పాన్‌తో పేరు నమోదు చేసుకుంటే చాలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ అంగళ్లలో పచ్చడి అమ్ముకోవచ్చు. జాడీ వందల కిలోమీటర్లు దొర్లి ఇచ్ఛాపురం చేరినా అడిగే నాథుడు లేడు. పట్టుమని గంట ప్రయాణం లేని కోదాడలో దిగిందా, అది అంతర్రాష్ట్ర వాణిజ్యం! మొదటి జాడీకే రిజిస్ట్రేషన్, ఆపైన రిటర్నులు, ఆడిటరు ఫీజు. లాభం అడుగున మిగిలిన ఊటంత.

పక్క రాష్ట్రానికి పన్ను వాటా తేలొద్దా అంటారా? న్యాయమే. మరి అదే కోదాడ కోడలికి వీడియో కాల్‌లో ఆవకాయ కలపడం నేర్పి డబ్బు పుచ్చుకుంటే, అది సేవ కాబట్టి, మొత్తం రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ ఊసే లేదు. అప్పుడా వాటా ఏ అటకెక్కినట్టు? లెక్క తేలిందమ్మా: ఘాటు గురించి ఎంతైనా చెప్పండి, జాడీ మాత్రం పంపకండి. ముక్క ఊరేలోగా రిటర్ను గడువు ముంచుకొస్తుంది.