గోడ మీద బొమ్మ

ఆ ప్రైవేటు స్కూల్లో పీఎస్ మాస్టారి దగ్గర అర మార్కు పోగొట్టుకోని పదో తరగతి పిల్లాడు లేడు. అదీ ఎప్పుడూ ఒకచోటే పోయేది, ఆక్సిజన్ నెత్తిమీద.

"ముందు లెక్క, తర్వాత బొమ్మ" అనేవారాయన. ఇథనోయిక్ ఆమ్లానికి ఎలక్ట్రాన్ చుక్కల బొమ్మ గీయమని ఇస్తే, పెన్సిల్ కాగితం మీద పెట్టకముందే లెక్క ఒప్పజెప్పాలి. కార్బన్‌కి 4 చొప్పున రెండింటికి 8. నాలుగు హైడ్రోజన్లకి 4. ఆక్సిజన్‌కి 6 చొప్పున రెండింటికి 12. వెరసి 24. ఆమ్లం గీస్తే చుక్కలు 24 ఉండాలి, ఒకటి తగ్గినా ఒకటి ఎక్కువైనా ఒప్పుకోరు. బంధాలన్నీ వేసేసరికి 16 ఖర్చవుతాయి. ద్విబంధం నాలుగు చుక్కలూ కూడా పడ్డాక బొమ్మ నిండుగా కనిపిస్తుంది. పిల్లలు అక్కడే పెన్సిల్ కింద పెట్టేస్తారు. మిగిలిన 8 ఆక్సిజన్లవి, ఒక్కోదానికి రెండేసి జంటలు. ఏ బంధంలోనూ చేరనివి కదా, ఎవరికీ గుర్తుండవు. ఇంట్లో కొడుకు చేత కూడా కంచం ముందు కూర్చోబెట్టి ఇదే లెక్క చెప్పించేవారు.

ఆ ఏడు దసరా సెలవుల్లో కరస్పాండెంట్ గారు బడికి రంగులు వేయించారు. వరండా చివరి గోడ ఖాళీగా ఉంది, ఏదైనా సైన్సు బొమ్మ వేయించమన్నారు. మాస్టారు రెండు పూటలు పెయింటర్ పక్కనే నిలబడ్డారు. సీలు నలుపు, హెచ్‌లు నీలం, ఓలు ఎరుపు. చుక్కలు రూపాయి బిళ్లంత. 24.

కరస్పాండెంట్ గారు వచ్చి చూశారు.

"ఆ ఎర్ర అక్షరాల మీద ఈగలు వాలినట్టు ఏమిటండీ అవి?"

"ఒంటరి జంటలండీ. అవి లేకపోతే బొమ్మే తప్పు. 1916లో లూయిస్ అని అమెరికా ఆయన ఈ పద్ధతి పెట్టిన దగ్గర్నుంచీ..."

"నోబెల్ వచ్చిందా ఆయనకి?"

"రాలేదండీ. చాలాసార్లు పేరు వెళ్లింది గానీ..."

"మరింకేం! తుడిపించెయ్యండి."

పెయింటర్ ఎనిమిది చుక్కల మీదా సున్నం కొట్టేశాడు. మాస్టారు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగారు. మూడోనాడు జీతాలిచ్చారు.

పబ్లిక్ పరీక్షలు వచ్చాయి. ఆ బడికీ సెంటరు ఇచ్చారు. సొంత పిల్లలకి మరోచోట పడింది, ఇక్కడ కూర్చునేవాళ్లంతా బయటి బళ్ల వాళ్లే. హాళ్లలో చార్టులన్నీ పీకేశారు. పీఎస్ పరీక్ష ముందురోజు సాయంత్రం మాస్టారికి వరండా గోడ గుర్తొచ్చింది. మూడో హాలు కిటికీల్లోంచి సూటిగా కనిపించే గోడ అది. బకెట్లో మైదా జిగురు కలుపుకుని, పాత పేపర్లు చంకన పెట్టుకుని వచ్చారు.

కరస్పాండెంట్ గారు ఎదురయ్యారు.

"దాన్ని కప్పుతారేమిటి మాస్టారూ? వరండాల గొడవ ఎవరూ పట్టించుకోరు. కూర్చునేది మనవాళ్లా ఏమన్నానా? ఆ బొమ్మ చూసి ఎవడైనా దింపాడనుకోండి, పోయేది ఎవరి మార్కులు?" కన్ను గీటారు. "ఆ రోజు తుడిపించానని అలిగారు. చూశారా, ఎంత కలిసొచ్చిందో!"

మాస్టారు ఏదో అనబోయారు. అనలేదు. పైగా నవ్వొచ్చింది కూడా. చదువుకున్నవాడు గోడ చూడడు, గోడ చూసేవాడికి ఏం పోతే మాత్రం మనకేం అనుకున్నారు. జిగురు కాలవలో పారబోసి ఇంటికి వెళ్లిపోయారు. తన సబ్జెక్టు పరీక్ష రోజు ఎలాగూ గేటు దాటనివ్వరు.

మర్నాడు మధ్యాహ్నం గేటు బయట, వేపచెట్టు కింద, తల్లిదండ్రుల గుంపులో ఆయనా నిలబడ్డారు. కొడుకు చదివేది జెడ్పీ హైస్కూలు. తన బడిలో రాయితీ పోగా కట్టాల్సిన సగం ఫీజు కూడా ఆయన జీతానికి అందలేదు మరి. వాడికి సెంటరు ఇక్కడే పడింది, అదీ మూడో హాలు. నిన్న జిగురు పారబోస్తున్నప్పుడు ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. నిద్రలో లేపి అడిగినా 24 అంటాడు వాడు. వాడికి గోడతో ఏం పని?

బెల్లు కొట్టారు. పిల్లాడు అట్ట ఊపుకుంటూ వచ్చాడు.

"ఎలా రాశావురా?"

"అన్నీ వచ్చినవే నాన్నా. ఇథనోయిక్ ఆమ్లం కూడా ఇచ్చారు."

"24 పెట్టావుగా?"

"ముందు 24 పెట్టాను. తర్వాత కిటికీలోంచి మీ గోడ మీద బొమ్మ కనిపించింది. మీ స్కూలు గోడ కదా, నువ్వే దగ్గరుండి వేయించి ఉంటావు, నువ్వు తప్పు వేయించవు కదా అనుకుని... ఆక్సిజన్ల మీద ఎనిమిదీ కొట్టేశాను."