గాలపు పద్యానికి టీకా తాత్పర్యము

అవతారిక

1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం శతకాలకూ ప్రబంధాలకూ టీకా తాత్పర్యాలు వేసి తెలుగు నేల నాలుగు చెరగులా పంచింది. గాలం వేయడానికి మాత్రం ఎవరూ టీక వేసిన పాపాన పోలేదు. పల్నాడు జిల్లా నూజెండ్ల వైపు, ఫాల్గుణ చైత్రాల్లో చెరువు నీళ్లు తూము మట్టానికి దిగేవేళ, కొరమేనుకు గాలం వేసేవాళ్లు కట్ట మీద చెప్పుకునే నాలుగు మాటలకు వ్యాఖ్యానం లేకపోవడం పండితుల అశ్రద్ధే. అయితే టీకకు మూలం ఉండాలి. మూలం ఏ తాళపత్రంలోనూ లేదు కనుక ఆ నాలుగు మాటలనే ఆటవెలదిలో కూర్చి మూలం కూడా టీకాకారుడే రాసుకున్నాడు. తాను రాసినదానికి తానే అర్థం వెతుక్కోవడం వింతేమీ కాదు, కవులు రోజూ చేసే పనే.

మూలంలో లేనిదీ అక్కరలేనిదీ రాయనని కొలచాల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనది మెదకు సీమ, చెరువులకు కొదవలేని చోటు. ఒక్క పూట గాలం పట్టి కూర్చున్నా ఆ నియమం పెట్టుకునేవాడు కాదు. చేప పడేదాకా అక్కరలేని మాటలు తప్ప ఇంకేం మాట్లాడతారు?

మూలము

నీడ పడక నిలిచి నీటంచు దాపున
కప్ప నెగురవేసి కదలకుండు
మింగు దాక నాగు మేనెర్ర పిల్లల
గాచు తల్లి జోలి కరుగవలదు

టీక

(ఓ గాలము వేయువాడా! అని అధ్యాహారము.) నీడ పడక = నీ నీడ నీటిపై పడకుండునట్లు; నిలిచి = నిలుచుండి; నీటి + అంచు దాపున = నీటి యంచునకు దగ్గరగా, అనగా మోకాటి లోతు మించనిచోట; కప్పన్ = మండూకమును; ఎగురవేసి = గాలమునకు గూర్చి విసరి; కదలక + ఉండు = దోమ కుట్టినను చేయెత్తక యుండుము; మింగు దాకన్ = ఆ మత్స్యము దానిని మింగు వరకు; ఆగు = ఓర్చుకొనుము; మేను + ఎర్ర పిల్లలన్ = ఎర్రని యొడలుగల పిల్లలను; కాచు = కావలికాయు; తల్లి జోలికిన్ = తల్లి వంకకు; అరుగవలదు = పోవలదు.

తాత్పర్యము

నీడ నీళ్లలో పడనీయకుండా గట్టు పక్కన నిలబడి, కప్పను విసిరి, కదలకుండా ఉండు. చేప మింగిందాకా ఆగు. పిల్లల మీద ఉన్నదాన్ని మాత్రం పట్టమాక.

విశేషములు

కర్తృత్వమును గూర్చి. రాసినవాడు నేనే అని టీకాకారుడు ఒప్పుకున్నా పండిత లోకం వదలదు. "మేనెర్ర"లో "ఎర్ర" అన్నది కవి ముద్ర అనీ, కనుక ఇది ఎర్రాప్రగడ పద్యమే అనీ ఒక వాదం లేవదీయవచ్చు. దానికి ఊతం కూడా ఉంది. ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఎర్రన ఉన్న అద్దంకి గుండ్లకమ్మ ఒడ్డునే ఉంది. నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపి వచ్చే ఆ ఏరే నూజెండ్ల వైపునా పారుతుంది. ఇక శ్రీనాథుడి పద్యం కాదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు. పల్నాటి మీద ఆయన పేర తిరిగే చాటువుల్లో మనకు గుర్తుండేవి రాళ్లూ జొన్నకూడూ. ఈ సీమలో నిలబడి చేప పట్టేంత ఓపిక ఆయనకు ఉండి ఉండదు.

నీడ పడక. పొద్దుకు ఎదురుగా నిలబడమని భావం. ఉదయం పడమటి గట్టున, సాయంత్రం తూర్పు గట్టున. కానీ పల్నాటి ఎండకు ఎదురు నిలిచేవాడెవడు? అందరూ వీపు చూపిస్తారు, వాళ్లకంటే ముందు వాళ్ల నీడ నీళ్లలో దిగి కబురు చెప్పేస్తుంది. చేపకు పైకి చెవులు కనపడవు గాని, ఒంటికి రెండు పక్కలా సాగే గీత వెంట నీటి కదలికను పసిగట్టే ఏర్పాటు ఉంది. కట్ట మీద అడుగు అదురు కూడా దానికి అందుతుంది. అందుచేత "చెప్పులు విప్పి" అని ఒక పాఠాంతరం ఉంటే బాగుండేది. ఛందస్సు ఒప్పుకున్నా గట్టున పడి ఉన్న సర్కారు తుమ్మ ముళ్లు ఒప్పుకోవు.

నీటంచు దాపున. ఇక్కడ ఒక పరదేశ మతం ఉంది. అమెరికాలో వసంతం రాగానే బాస్ అనే చేపకు గాలం వేయడానికి జనం చెరువుల గట్లు పట్టుకుంటారు. డల్లాస్ చుట్టుపక్కల కాపురం పెట్టిన మనవాళ్లు కొందరు టెక్సాస్ ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కొని ఈ తపస్సులో చేరారు. అక్కడ చలికాలమంతా లోతులో పడుకున్న చేప, నీళ్లు 16, 18 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కేసరికి గుడ్లు పెట్టడానికి తీరం పక్కకు వస్తుంది. మగది తోకతో అడుగు ఊడ్చి పళ్లెమంత గుంట చేస్తుంది. ఈ లెక్కన "నీటంచు దాపున" అంటే వెచ్చని నీరు అని వాళ్లు అర్థం చెబుతారు.

నూజెండ్లలో ఈ అర్థం పొసగదు. ఇక్కడ నీళ్లు వేడెక్కడానికి వసంతం ఎందుకు, సంక్రాంతి వెళితే చాలు. వాళ్ల వసంతం నీళ్లు వేడెక్కే కాలం, మన వసంతం నీళ్లు తరిగే కాలం. సాగర్ కుడి కాలువ కట్టేశాక, గుండ్లకమ్మ మడుగులుగా తెగిపోయాక, చెరువు రోజుకింత లోపలికి ముడుచుకుంటుంది. అక్కడ చేప అంచుకు వస్తుంది, ఇక్కడ అంచే చేప దగ్గరికి పోతుంది. మిగిలిన ఆ కాసిని నీళ్లు మధ్యాహ్నానికి కాగుతాయి, ప్రాణవాయువు పలచబడుతుంది. బొచ్చె, శీలావతి నోళ్లు తెరిచి తేలుతాయి. కొరమేనుకు మాత్రం తల లోపల గాలి పీల్చే అర ఒకటి ఉంది. పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి మళ్లీ తుంగ మొదట్లో సర్దుకుంటుంది. పైకి రాకుండా వలలో అదిమిపెడితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. గాలగాడు చూసేది ఆ గుటకనే. గుప్పుమని చిన్న చప్పుడు, పైన ఒక బుడగ, దాని చుట్టూ విచ్చుకునే వలయం. కప్ప పడాల్సింది వలయంలో కాదు, దానికి జానెడు అవతల.

కప్ప నెగురవేసి. వీపు మీది చర్మం ఒక్కటే పట్టేలా గాలం గుచ్చాలి. లోతుగా గుచ్చితే కప్ప చస్తుంది, చచ్చిన కప్పను కొరమేను కన్నెత్తి చూడదు. బెండు అక్కర్లేదు, కప్పే బెండు. ఆకుల మీద పడి రెండు గంతులు వేయాలి, ఒకసారి ఆగాలి. ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ 1653లో వేసిన గాలపు గ్రంథంలో కప్పను ఎంత ఆప్యాయంగా గుచ్చాలో కూడా చెప్పాడు. ఆ ఆప్యాయత కప్పకు అందిందో లేదో చెప్పలేదు. అంతకు అయిదు వందల ఏళ్ల ముందే కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే పెట్టి, ఏ చేపకు ఏ ఎర వేయాలో రాజుగారి వినోదంగా రాసిపెట్టాడు. కాబట్టి "పనీపాటా లేనోళ్ల పని" అని ఇంట్లో ఆడవాళ్లు అన్నప్పుడు ప్రమాణం చూపడానికి రాజే ఉన్నాడు. రాజుకు మాత్రం పనేముంది అని వాళ్లు తిరిగి అడిగితే అది వేరే సంగతి.

ఇప్పటి కుర్రాళ్లు ఆన్‌లైన్లో రబ్బరు కప్పలు తెప్పిస్తున్నారు. లోపల డొల్ల, కాళ్ల స్థానంలో కుచ్చులు, కడుపు కింద దాగిన రెండు కొక్కేలు. బాస్ కోసం చేసిన సరుకు కొరమేనుకూ సరిపోయింది. మూలంలోని కప్ప శబ్దానికి రబ్బరు కప్ప అర్థమవుతుందా? వాచ్యార్థంలో కాదు, లక్షణ చేత అవుతుంది. చేప కూడా లక్షణార్థమే తీసుకుంటుంది గనుక అభ్యంతరం లేదు.

మింగు దాక నాగు. "దాకన్ + ఆగు" అని విడదీయాలి. "దాక + నాగు" అని విడదీసి, నాగుపాము వచ్చి మింగేదాకా అని చెప్పేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. కప్పకోసం తుంగలోకి పాములు వచ్చే మాట నిజమే. అదీగాక బెర్లిన్ వైద్యుడు బ్లాఖ్ 1793లో ఈ చేపను శాస్త్ర గ్రంథానికి ఎక్కిస్తూ పాముతలది అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. అయినా ఈ అర్థం గ్రాహ్యం కాదు. అసలు కష్టం ఆగడంలో ఉంది. కొరమేను కప్పను లటుక్కున పట్టి వెంటనే మింగదు. పళ్ల మధ్య కరుచుకుని పక్కకు తిరిగి, తుంగలోకి లాక్కుపోయి, అప్పుడు మింగుతుంది. దారం బిగిసిన ఆ క్షణంలో కర్ర ఎత్తినవాడికి నలిగిన కప్ప దక్కుతుంది. ఎంతసేపు ఆగాలని అడిగితే కట్ట మీది పెద్దలు గడియారం చెప్పరు. 

"బాబాయ్, లాగనా?"

"బీడీ ముట్టించుకోరా అబ్బాయ్. ముట్టిందాకా లాగమాక."

గాలి గట్టిగా వీచే రోజున చేపకు మేలు జరుగుతుంది, అగ్గిపుల్లలు చాలవు.

మేనెర్ర పిల్లల. కొరమేను గుడ్లు తేనె రంగులో పైకి తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. కొన్నాళ్లకు వందల పిల్లలు ఎర్రటి ముద్దగా చేరి తిరుగుతాయి. వాటికీ గాలి కావాలి. ఒకటి పైకి వచ్చి దిగేలోగా పది వస్తాయి. ఆ కాస్త మేర నీళ్లు నూనె మరిగినట్టు చిటపటమంటాయి. దాని కిందే, రెండు మూర్ల లోతున, నల్లగా ఒక వీపు. తొలకరి వానలకు ఇవి ఎక్కువగా కనపడినా, నీళ్లూ తుంగా ఉన్నచోట వేసవిలోనూ కనపడతాయి. పెరిగేకొద్దీ ఎరుపు పోతుంది. ఆ తర్వాత వాటిని కాచేవాళ్లు లేరు. మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని వారు చేప నోట్లో మందు ముద్ద పెట్టి ఇస్తే వేలమంది ప్రాణంతో మింగేది ఈ జాతి పిల్లలనే.

గాచు తల్లి. బాస్‌లో కాపలా మగదానిదే, ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. కొరమేనులో తండ్రి కూడా కాస్తాడు. కనుక "తల్లి" అన్నది ఉపలక్షణం, తండ్రిని కూడా కలుపుకోవాలి. పద్యంలో తండ్రికి చోటు లేకపోవడానికి గణాలను తప్పు పట్టాలి గాని కవిని కాదు.

జోలి కరుగవలదు. ఈ నాలుగు మాటల్లో అసలు తగవంతా ఇక్కడే. "జోలికి + అరుగవలదు" అని పదచ్ఛేదం చేసి, పిల్లల తల్లిని పట్టవద్దని పైన టీకలో చెప్పాం. దీన్ని అరుగవలదు శాఖ అందాం. రెండో శాఖ వారు "జోలి, కరుగవలదు" అని విరుస్తారు. తల్లి సంగతి వచ్చిందని మనసు కరగనీయవద్దు, వేసెయ్ అని తాత్పర్యం. అక్షరాలు అవే, గణాలు అవే, యతి చెడలేదు. నిషేధం కాస్తా అనుమతి అయి కూర్చుంది. మొదటి శాఖ వాళ్లు కట్ట మీద మాట్లాడతారు, రెండో శాఖ వాళ్లు తుంగలో నిలబడి ఉంటారు.

నిర్ణయం ఎట్లా? వ్యాకరణం ఇద్దరికీ సాయం చేస్తుంది. మీమాంసకుల దారి పట్టాలి. శాస్త్రంలో ఒక్క మాట కూడా వ్యర్థం కాకూడదని వాళ్ల పట్టు. పిల్లల మీద ఉన్న కొరమేను ఆకలితో కప్పను పట్టదు. పిల్లల దాపుకు వచ్చినదేదైనా సరే దూకి కరుస్తుంది, నీడ పడినా కరుస్తుంది, కర్రతో నీళ్లు కొట్టినా కరుస్తుంది. దాన్ని పట్టడానికి పొద్దుకు ఎదురు నిలవక్కర్లేదు, జానెడు అవతల గురి అక్కర్లేదు, బీడీ అక్కర్లేదు. రెండో శాఖ అర్థమే నిజమైతే మొదటి మూడు పాదాలూ దండగ. ఆ మూడింటికీ పని ఉండాలంటే నాలుగోది నిషేధమే కావాలి. కాబట్టి అరుగవలదు అన్నదే సిద్ధాంతం.

రెండో శాఖ వారు దీనికి లొంగరు. వాళ్ల వాదం వ్యాకరణంలో లేదు, చెరువులో ఉంది. "వైశాఖానికి ఇది బురదవుద్ది. పిల్లలూ తల్లీ కొంగల పాలే. మనం వదిలితే పాటదారు వలేస్తాడు." ఇందులో సగం నిజం. సముద్రంలో అయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల జూన్ సగం గడిచేదాకా బాస్‌ను పట్టకూడదు. ఎండే చెరువుకు అట్లాంటి గడువు పెట్టడం కష్టం. నీళ్లే ఉండవు. రెండో సగం నిజం కాదు. కొరమేను తడి బురదలో దూరి తొలకరి దాకా బతకగల చేప. కొంగ పాలయ్యేవి కాపలా పోయిన పిల్లలు. తల్లిని లాగిన పూటకే జెల్లలూ మట్టగుడిసలూ ఆ ఎర్ర ముద్ద మీద పడతాయి.

చిన్న చేప ఒకటి పెద్ద చేపల నుంచి తనను కాపాడమని వైవస్వత మనువును వేడుకున్న కథ భారతంలో అరణ్యపర్వంలో ఉంది. నన్నయ విడిచిన చోటు నుంచి దాన్ని తెనిగించినవాడు ఎర్రనే. మనువు దాన్ని కుండలో పెట్టి, చాలకపోతే బావిలో వేసి, గంగకూ ఆపైన సముద్రానికీ చేర్చాడు. అరుగవలదు శాఖ వారు ఈ కథను ప్రమాణంగా చూపిస్తారు. మనువుకు కొరమేను పులుసు రుచి తెలియదు గదా అని అవతలివారి సమాధానం. దీనికి ప్రతివాదం ఇంకా రాలేదు.

ఫలశ్రుతి

ఈ పద్యం పొద్దున్నే చదివినవారికి చేప పడుతుందని చెప్పే ధైర్యం టీకాకారుడికి లేదు. చెరువు పాట పాడుకున్నవాడు మోటారు సైకిలు కట్ట కింద ఆపి "ఎవర్రా అక్కడ?" అన్నప్పుడు మాత్రం ఉభయ శాఖల వారూ ఏకవాక్యతకు వస్తారు. గాలాలు చుట్టుకుని, గోనె సంచి చంకలో పెట్టుకుని, తూము పక్కగా దిగి తుమ్మల్లో పడి పోతారు.