కుక్క పడుకున్న రోడ్డు

మా బావకి ఓ రోడ్డు నచ్చాలంటే దాని మధ్యలో కుక్క పడుకుని ఉండాలి. ఊరికే పడుకుంటే చాలదు, సైకిలు దగ్గరికొచ్చినా లేవకూడదు. ఒక కన్ను తెరిచి, ఓహో నువ్వా అన్నట్టు చూసి, మళ్లీ మూసుకోవాలి. అలాంటి రోడ్డుకి బావ వందకి వంద వేస్తాడు. కుక్క లేచి పక్కకి తప్పుకుంటే అరవై. అసలు కుక్కే కనబడకపోతే ఆ దారిన టిప్పర్లు తిరుగుతున్నట్టు లెక్క. ఇక అటు తొంగి చూడడు.

విశాఖపట్నంలో ఇలాంటివాళ్లు ఇప్పుడు పేటకొకరు ఉన్నారు. మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. యాభై దాటాక ఒక రోజు డాక్టరు షుగరు గురించి మెల్లగా ఓ మాట అంటాడు. మర్నాడు నడక మొదలవుతుంది, ఆరు నెలల్లో నడక కాస్తా సైకిలవుతుంది. బీచి రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లి, ఇడ్లీ తిని, ఆ ఇడ్లీ ఫోటో నలుగురికీ పంపి వెనక్కొస్తారు. అక్కడితో ఆగితే మామూలు మనుషులే. సింహాచలం కొండ సైకిలు మీద ఎక్కిన రోజున మాత్రం జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు గ్రహించాలి. మా అక్క గ్రహించలేదు, కొండెక్కాడంటే దర్శనం చేసుకుని వచ్చాడనుకుంది.

కొండ రుచి తగిలాక మా బావ చూపు తూర్పు కనుమల మీద పడింది. అరకు అంటే అందరికీ ఇష్టం కదా, ఆయనకి గిట్టదు. అనంతగిరి ఘాటులో కాఫీ తోటలు బాగుంటాయి, ఒప్పుకుంటాడు. కానీ ఆదివారం బొర్రా గుహలకి వెళ్లే కార్లు, గాలికొండ దగ్గర సెల్ఫీలు, మలుపు మలుపునా బొంగులో చికెను పొగ! "అది రోడ్డు కాదురా, తీర్థం" అంటాడు. డిసెంబరులో లంబసింగి పేరెత్తితే మొహం మాడ్చుకుంటాడు. మంచు చూడటానికి తెల్లవారుజామున నాలుగింటికే అక్కడ కార్లు బారులు తీరతాయి. వంజంగి మేఘాల కొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడికి తాను వెళ్లిన రోజుల్లో మేఘాలూ తానూ తప్ప ఇంకెవరూ లేరని చెబుతాడు. దీనికి సాక్ష్యం మేఘాలే.

అందుకని కొత్త రోడ్లు వెతుకుతాడు. రాత్రి పదకొండింటికి చీకట్లో ఫోనులో మొహం దూర్చి ముసిముసిగా నవ్వుకుంటుంటే మా అక్కకి మొదట్లో వేరే అనుమానం వచ్చిందట. లాక్కుని చూస్తే ఉపగ్రహం తీసిన పటంలో మాడుగుల అవతలి కొండ మీద వెంట్రుకంత తెల్ల గీత. "తారే వేశారు చూడు, తారే!" అన్నాడట బావ పరవశంగా. వేరేదైతే నాలుగు మాటలని ఊరుకునేదాన్ని, దీనికి ఏమనాలో తెలియలేదురా అంది అక్క నాతో.

రోడ్డుని తూచడానికి కుక్క కాక ఇంకా కొలతలున్నాయి ఆయన దగ్గర. తారు మీద చోళ్లో మిరియాలో కాఫీ గింజలో ఆరబోసి ఉంటే చాలా మంచి రోడ్డు. ఆ గింజల మీద కోళ్లు కూడా ఉంటే ఉత్తమం. సెల్ సిగ్నలు పోయిన చోట బావ మొహంలో వెలుగొస్తుంది. అన్నిటికన్నా పై మెట్టు బస్సు రాని రోడ్డు. అది దొరికిన రోజు రాత్రి అన్నం సరిగ్గా తినడు, ఆనందంతో కడుపు నిండిపోతుంది.

ఆయన భాషలో రోడ్డు "చెడిపోయింది" అంటే గుంతలు పడ్డాయని కాదు, బాగు చేశారని. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేస్తుంటే, ఏజెన్సీ ఊళ్లవాళ్లు ఆసుపత్రికి వెళ్లే దారి దగ్గరవుతోందని సంబరపడ్డారు. మా బావ మాత్రం దగ్గరివాళ్లెవరో పోయినట్టు రెండు రోజులు మాట్లాడలేదు.

ఇక ఎక్కడం సంగతి. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. గరికబంద దాటి ఘాటు మొదలయ్యాక బావ ముందు 34 పళ్ల చక్రానికీ వెనక 34 పళ్ల చక్రానికీ గేరు మారుస్తాడు. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. ఆ వేగానికి ఆశ్రమ పాఠశాల పిల్లలు పక్కనే నడుస్తూ, సైకిలు ఖరీదెంతని అడుగుతూ వస్తారు. విసుగు పుడితే మలుపు దగ్గర అడ్డదారిన పైకెక్కేసి, ఆయన చుట్టు తిరిగి వచ్చేసరికి అక్కడ నిలబడి "ఖరీదు చెప్పలేదు" అని గుర్తుచేస్తారు. ఖరీదు బావ మా అక్కకే సగం చెప్పాడు, పిల్లలకేం చెబుతాడు?

హ్యాండిలుకి తగిలించిన యంత్రం వాలు పది శాతం అని చూపించిందంటే, వంద మీటర్లు ముందుకెళ్తే పది మీటర్లు పైకెక్కాలన్నమాట. సరిగ్గా అక్కడే బావకి చరిత్ర గుర్తొస్తుంది. దిగిపోతాడు, అలసటొచ్చి కాదు, వెనకే సైకిలు తొక్కుతూ వచ్చే నాకు చెప్పడానికి. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే దారిలో అయితే ఇది మరీ ఎక్కువ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి ఈ వైపు రోడ్ల పనులు చేయించడం, అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి అదీ ఒక కారణం కావడం, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడో స్టేషను దగ్గరికొచ్చేసరికి ఊపిరి కుదుటపడుతుంది, సైకిలెక్కుతాడు. రోడ్డు మరీ నిటారుగా ఉంటే కథ 1924 మే దాకా సాగుతుంది. ఈ కొండవాళ్ల తాతలు బలవంతాన చెమటోడ్చి వేసిన రోడ్ల మీద, మేం సెలవు పెట్టి, ఖర్చు పెట్టి చెమటోడుస్తున్నాం. ఈ మాట అన్నందుకు బావ కృష్ణదేవిపేటని మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

సైకిలు బరువు విషయంలో ఆయనకున్న పట్టింపు కంసాలి దుకాణంలో కూడా చూడలేదు. బరువని బెల్లు పీకించేశాడు. నీళ్లసీసా తగిలించే కొక్కెం కూడా కార్బనుదే ఉండాలన్నాడు. మరి బెల్లు లేకుండా దిగేటప్పుడు మలుపుల్లో ఎదుటివాళ్లకి తెలిసేదెలా? నోటితో అరుస్తాడు. "హోయ్" అని బావ అంటే లోయలోంచి పశువులు కాసే కుర్రాడెవడో "హోయ్" అంటాడు. ఎద్దు ఏదైనా తప్పిపోయిందేమోనని వాడు ఆ పూటంతా వెతుక్కుంటాడు పాపం. ఇంతా చేసి, తిరుగు దారిలో జెర్సీ వెనక జేబుల్లో అరకిలో మాడుగుల హల్వా కుక్కుకుంటాడు. గోధుమ పాలు, నెయ్యి, పంచదార, జీడిపప్పు. "వెయ్యి రూపాయలు పోసి తగ్గించిన బరువు నేతితో సహా ఇంటికి తెస్తారు" అని అక్క డబ్బా అందుకుంటుంది. డాక్టరు మాట ఇద్దరూ ఎత్తరు.

చక్రం పంక్చరైతే ఇంకో వినోదం. ఆ ట్యూబులకి సన్న వాల్వు ఉంటుంది. ఘాటు కింద ఊళ్లో పంక్చరు షాపు కుర్రాడు తన గాలి గొట్టాన్ని అన్ని వైపులనుంచీ పెట్టి చూసి, "ఇది మనూరి సైకిలు కాదు బాబూ" అని తేల్చేశాడు. దానికి తగిలించే చిన్న ఇత్తడి ముక్క ఒకటుంటుంది. బావ దగ్గర అవి నాలుగున్నాయి. నాలుగూ ఇంట్లోనే ఉంటాయి.

తిట్టుకుంటూనే ఎందుకు వెళ్తున్నానంటే చెబుతాను. ఎక్కేటప్పుడు నేను వెనకబడితే బావ తన చైను జారిందని దిగి కూర్చుంటాడు. నేను వచ్చేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పుతూ గొణుక్కుంటాడు. ఆ చైను ఏనాడూ జారలేదని ఇద్దరికీ తెలుసు. పసివాడికి పాలిచ్చినట్టు చోడంబలి గ్లాసు చేతిలో పెట్టి, నెమ్మదిగా తాగు, మనకేం పెళ్లి ముహూర్తం లేదు కదా అంటాడు. పైగా ఈ మధ్య బస్సులో ఊరికెళ్తూ కూడా నేను రోడ్డు మీది కుక్కల్ని చూసి మార్కులు వేస్తున్నాను.

అలా దొరికిన ఒక బస్సు రాని రోడ్డు మీదే ఒక ముసలమ్మ మాకు ఎదురైంది. నెత్తిన అడ్డాకుల కట్ట. బావ చెమటతో తడిసి, నోరు తెరుచుకుని, నడక కన్నా మెల్లగా ఎక్కుతున్నాడు. ఆవిడ ఆగి జాలిగా చూసింది. "బస్సు తప్పిపోనాదా బాబూ?" అంది. బస్సు వచ్చేది కింద పెద్దరోడ్డు దాకానే, అదీ పొద్దున ఒకటి సాయంత్రం ఒకటీనట. మళ్లీ తనే, "మాకూ అంతే బాబూ, రోజూ తప్పిపోతాది" అంది. రోగమొస్తే డోలీ కట్టి ఆ రోడ్డు దాకా మోసుకెళ్తారట. బావ హ్యాండిలు మీది యంత్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన వందకి వంద వేసిన నిశ్శబ్దం ఆ ఊరివాళ్లు కోరుకున్నది కాదు. ఇది ఆయనకి తెలియదని నేననను. ఆ పూట హోయ్ అనకుండా దిగాడు.

అలాగని మారాడనుకోకండి. ఆ రోడ్డు సంగతి ఎవరికీ చెప్పనని నా చేత సింహాద్రి అప్పన్న మీద ఒట్టు వేయించుకుని, తనే ఆ రాత్రి వాట్సాప్‌లో నలుగురికి "మీకు మాత్రమే" అంటూ పంపాడు. ఆ నలుగురూ తలో నలుగురికి పంపారు, వాళ్లకి మాత్రమే. తర్వాతి ఆదివారం ఇరవైమంది దిగారు, వెనక నీళ్లూ అరటిపళ్లూ మోసే రెండు కార్లతో సహా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గ్రామీణ రోడ్ల లెక్కల్లో కారు ఒకటైతే సైకిలు అర. ఆ లెక్కన ఒక్క పూటలో మా బావ ఆ కొండ మీదికి పన్నెండు కార్లు ఎక్కించాడు. కుక్క లేచి వెళ్లిపోయింది. రోడ్డు చెడిపోయిందని ఆయన ఇప్పుడు కొత్త తెల్ల గీత కోసం వెతుకుతున్నాడు.

ఆ బస్సు రాని రోడ్డు ఎక్కడో నన్నడక్కండి, ఒట్టు నాది. బావనీ అడక్కండి. అడిగితే మీకు మాత్రమే చెబుతాడు.