వరద సాయానికి తలకిందుల సలహాలు

వరద వార్త వినగానే బయలుదేరకండి. మొదటి మూడు రోజులూ పడవలున్నవాళ్లకి, ఎన్‌డీఆర్‌ఎఫ్‌ జవాన్లకి వదిలేయండి. ఆ దారిలో మీ కారు నిలబడితే అంబులెన్సు దాని వెనక నిలబడుతుంది.

ఎదురొచ్చి చాచిన చేతికి ఇచ్చేసి వచ్చేయకండి. వినడానికి కటువుగానే ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్‌ మునిగినప్పుడు ఊరు ఊరంతా పులిహోర పొట్లాలు కట్టింది. అవి అక్కడి ఫ్లైఓవర్ దాకా బాగానే వచ్చాయి. లోపలి వీధుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్లకి మాత్రం మంచినీళ్లు కూడా అందలేదు. చివరికి డ్రోన్లతో ఆహారం పంపాల్సి వచ్చింది. రోడ్డు దాకా నడిచి రాగలిగినవాడికి ఎలాగో దొరుకుతుంది. మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, నెలలు నిండిన అమ్మాయి ఎక్కడుందో ఆ వీధి ఆశా కార్యకర్తని అడగండి. ఆమెకి తెలుస్తుంది.

పాత బట్టలు పంపకండి. మనం కట్టుకోలేని చీర వాళ్లెందుకు కట్టుకోవాలి? కొత్త నైటీలు, లుంగీలు, లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు కొనండి. అంతకంటే మంచిది డబ్బు. ఏం కావాలో ఆ ఇల్లాలికి మనకంటే బాగా తెలుసు. డబ్బిస్తే పాడుచేస్తారన్న మాట నాకు నచ్చదు. సర్వం పోయినవాళ్లని అనుమానించడానికి మనమెవరం?

అసలు పని నీళ్లు తీశాక మొదలవుతుంది. అప్పటికి కెమెరాలు వెళ్లిపోతాయి, పొట్లాలు ఆగిపోతాయి. ఇంట్లో మోకాలెత్తు బురద, ఉబ్బిపోయిన మంచం చెక్కలు, తడిసి అతుక్కుపోయిన పిల్లల పుస్తకాలు మిగులుతాయి. సింగ్‌నగర్‌లో ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. మూలల్లో పేరుకున్న బురదని మాత్రం మనిషి వంగి ఎత్తాల్సిందే. పారలు, కొబ్బరి చీపుళ్లు, బ్లీచింగ్ పౌడరు పట్టుకెళ్లండి. గమ్ బూట్లు లేకుండా బురదలో దిగకండి, ఎలుక జ్వరం అందులోంచే వస్తుంది. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉంటే రోజు కూలీ మీరే ఇచ్చి వెంట తీసుకెళ్లండి. తడిసిన వైరింగు చూడకుండా మెయిన్ వేస్తే ప్రాణాలు పోతాయి. గ్యాస్ స్టవ్ బాగుచేసేవాడు దొరికితే ఆ వీధికి ఆ పూట అతనే పెద్ద సాయం. పొయ్యి వెలిగితే పొట్లం కోసం చెయ్యి చాచే అవసరం ఉండదు.

అందుకే ఈసారి వరద వస్తే సెలవు మొదటి రోజుకి పెట్టకండి. పదో రోజుకి పెట్టండి. ఆ రోజు వెళ్లేవాళ్లే కరువు.