తమరిది ఏ సర్వర్?

2022 అక్టోబరు 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లు పోసి ట్విట్టర్‌ని కొనేశాడు. ఆ వారమంతా ట్విట్టర్‌లో ఒకటే మాట: ‘నేను పోతున్నా’. పోయేవాడు చప్పుడు చేయకుండా పోతే పోయినట్టు ఎవరికి తెలుస్తుంది? అందుకని ఎందుకు పోతున్నాడో వివరిస్తూ ఓ దండకం, దాని అడుగున కొత్త చిరునామా, ఆ కింద వందలకొద్దీ లైకులు. ఎన్ని వచ్చాయో లెక్క చూసుకోవడానికి మళ్లీ ట్విట్టర్‌కే రావాలి గనక చాలామంది గడప దాటనేలేదు. దాటినవాళ్లలో ఎక్కువమంది వెళ్లి పడింది అలాంటిదే మరో వేదిక మాస్టడాన్‌లో.

ఈ వలసకి మన దేశంలో మూడేళ్ల ముందే రిహార్సల్ జరిగింది. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను 2019లో ట్విట్టర్ నిలిపేసింది. ఆయన మొదట చేసిన ఘోరం ఒక పాత ఫొటో పెట్టుకోవడం. నాజీల కాలంలో అందరూ చేతులు చాచి వందనం చేస్తుంటే ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డ ఫొటో అది. దాంతో ఒళ్లు మండి, ఆ నవంబరులో మనవాళ్లు మూటాముల్లె సర్దుకుని మాస్టడాన్‌కి బయల్దేరారు. వెళ్లినంత హడావిడిగానూ తిరిగొచ్చారు. ఎందుకొచ్చారయ్యా అంటే అప్పుడూ అదే జవాబు, ఇప్పుడూ అదే జవాబు: ‘అక్కడ ఏమీ అర్థం కావట్లేదండీ.’

అర్థం కాకపోవడానికి అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. జర్మనీలో యూజెన్ రోచ్కో అనే కుర్రాడు 2016లో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన సాఫ్ట్‌వేర్ అది. ఓపికా, నెలనెలా నాలుగు డబ్బులూ ఉన్నవాడెవడైనా దాంతో తన సర్వర్ తాను పెట్టుకోవచ్చు. ఒక్కో సర్వర్ ఒక్కో ఊరు. ఊరికో పెద్ద, ఊరికో కట్టుబాటు. ఈ ఊరివాళ్లు రాసింది ఆ ఊరికి చేరడానికి యాక్టివిటీపబ్ అనే ఒప్పందం ఉంది, దానికి వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ 2018లో ముద్ర కూడా వేసింది. ట్రంప్ గారి ట్రూత్ సోషల్ సైతం ఈ సాఫ్ట్‌వేర్ మీద కట్టిందే. ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పడం మరిచిపోతే 2021లో మాస్టడాన్ వాళ్లే ఉత్తరం రాసి గుర్తు చేయాల్సి వచ్చింది. అన్ని ఊళ్లకూ కలిపి యజమాని మాత్రం లేడు. మస్క్ వచ్చి డబ్బు సంచి విప్పినా తీసుకోవడానికి ఎవరూ ఉండరు.

సరిగ్గా ఇదే కదా మనం పదేళ్లుగా కావాలన్నది!

దీన్ని వికేంద్రీకరణ అంటారని చెబితే మా బాబాయి అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: “మెయిన్ ఆఫీసు ఎక్కడ్రా?” వికేంద్రీకరణ పేరుతో 2020లో చట్టం చేసి మరుసటి ఏడాదే వెనక్కి తీసుకున్న రాష్ట్రంలో ఓటరాయన. ఆ మాట వింటే రాజధాని సంగతి అడక్కుండా ఉండలేడు.

“మెయిన్ ఆఫీసంటూ లేదు బాబాయ్. నచ్చిన సర్వర్ ఎంచుకుని చేరడమే.”

“నేనెంచుకోవడం ఏంట్రా? వాళ్లకి తెలీదా ఎక్కడ వెయ్యాలో?”

ఈ ఒక్క మాట కోసం ఆయన కాళ్లకు దండం పెట్టొచ్చు. నేనేం చూడాలో ఎవడో కాలిఫోర్నియాలో కూర్చుని నిర్ణయిస్తాడా అని ఏళ్ల తరబడి గొంతు చించుకున్న మనిషి, తీరా నువ్వే నిర్ణయించుకో నాయనా అంటే అవమానంగా భావించాడు. పాత్రికేయులకి జర్నా డాట్ హోస్ట్ ఉంది, బొమ్మలేసేవాళ్లకి మాస్టడాన్ డాట్ ఆర్ట్ ఉంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫాస్టొడాన్ ఉంది. అవన్నీ విని, “అందరూ ఎక్కడ చేరుతున్నారో అక్కడే నన్నూ వేసెయ్” అన్నాడు. అందరూ చేరుతున్నది మాస్టడాన్ డాట్ సోషల్ అనే పెద్ద సర్వర్లోనే. ఒక్కచోట అందరూ పోగవడం ప్రమాదమని వేలాది ఊళ్లు కట్టారు. జనం వచ్చి ‘అన్నిటికంటే పెద్ద ఊరు ఏది?’ అని అడిగి అందులోనే ఇరుక్కున్నారు.

చిన్న సర్వర్లలో కొన్ని తలుపు తీసేముందు మీరెందుకు చేరాలనుకుంటున్నారో రాయమంటాయి. నా పోరు పడలేక బాబాయి మొదట అలాంటి ఒకదానికి అర్జీ పెట్టాడు. ‘గౌరవనీయులైన సర్వర్ అడ్మిన్ గారి దివ్య సముఖమునకు’ అని మొదలుపెట్టి, సర్వీసు వివరాలు, రిటైరైన తేదీ, తెలిసిన భాషలు రాసి, తన విధేయతకు సాక్ష్యంగా ఇద్దరు గెజిటెడ్ అధికారుల పేర్లిచ్చాడు. అవతల దాన్ని చదవాల్సినవాడు పగలు ఉద్యోగం చేసుకుని, రాత్రి సొంత ఖర్చుతో సర్వర్ నడుపుకునే ఓ మనిషి. ఆ 2022 అక్టోబరు, నవంబరుల మధ్య మాస్టడాన్ వాడేవాళ్లు నెలకి 3 లక్షల నుంచి 25 లక్షలకి పెరిగారు. వచ్చినవాళ్లంతా అడిగింది కస్టమర్ కేర్ నంబరు.

లోపలికి వెళ్లాక ఇంకో దెబ్బ. తెర మీద ఎవరూ లేరు. ఇక్కడ నువ్వు ఎవర్ని అనుసరిస్తే వాళ్లు రాసినవి రాసిన వరసలో కనిపిస్తాయి. ఎవర్నీ అనుసరించకపోతే ఏదీ కనిపించదు. నీకు కోపం తెప్పించే మనిషిని వెతికి పట్టుకొచ్చి, పొద్దున్నే నీ కాఫీ కప్పు పక్కన నిలబెట్టే సేవ ఇక్కడ లేదు. తిట్టుకోవడానికి ఎవడూ దొరక్క కొత్తవాళ్లు మొదటి రోజు అల్లాడిపోయారు. ‘ఇక్కడంతా ప్రశాంతంగా ఉంది’ అని రాసిన ప్రతివాడూ ఆ సాయంత్రమే పాత గూటికి వెళ్లి, ‘అక్కడంతా ప్రశాంతంగా ఉంది, మీరూ రండి’ అని తగవు పెట్టుకున్నాడు.

లైకు కొడితే రాసినవాడికి కబురందుతుంది, నిన్ను అనుసరించేవాళ్ల తెర మీదికి మాత్రం వెళ్లదు. నలుగురికీ చేరాలంటే బూస్ట్ చెయ్యాలి. పొగిడినట్టూ ఉండాలి, ఎదుటివాడు ఎదగకుండానూ ఉండాలనుకునే మనస్తత్వానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదుగానీ, దాని విలువ తెలుసుకునేలోపే మనవాళ్లు వెళ్లిపోయారు. వెళ్లగొట్టింది మరో లోటు. ఎవడో రాసిన ముక్కని నెత్తిమీద మన వ్యాఖ్య తగిలించి ‘చూడండి, ఈ పెద్దమనిషి ఏం కూశాడో’ అని ఊరేగించే సౌకర్యాన్ని రోచ్కో కావాలనే పెట్టలేదు. అది జనాల్లో విషం పెంచుతుందన్నాడు. మేధావి చేతిలోంచి అది లాగేశాక ఇక మేధావి దగ్గర మిగిలేదేమిటి? 2025 దాకా ఆ సౌకర్యం రాలేదు, వచ్చినా అవతలివాడి ఇష్టాన్ని బట్టే. అంతకన్నా దారుణం, 2023 సెప్టెంబరు దాకా మామూలు మాటలతో వెతికే వీలే సరిగా లేదు, హ్యాష్‌ట్యాగులు వెతుక్కోవాల్సి వచ్చేది. అంటే తన గురించి ఎవరేమనుకుంటున్నారో తన పేరు కొట్టి చూసుకోవడం కుదిరేది కాదు. ఒక కవి స్నేహితుడు ఆ సంగతి తెలియగానే ఖాతా మూసేశాడు.

ఇక కట్టుబాట్లు. దొర లేడన్నారు గానీ ఊరిపెద్దలు లేరని ఎవరూ అనలేదు. వచ్చినవాడికి ‘స్వాగతం’ అంటారు, వెనువెంటనే ‘అలా కాదు’ అంటారు. రాజకీయం రాస్తే హెచ్చరిక తెర వెనక రాయాలి. తిండి ఫొటోకి తెర. కెమెరా వైపు సూటిగా చూసే మొహానికి కొన్నిచోట్ల తెర. బాబాయి కొత్త ఆవకాయ జాడీ ఫొటో పెడితే, తిండితో ఇబ్బంది ఉన్నవాళ్లుంటారు, ముందు హెచ్చరిక పెట్టమని యూరప్ నుంచి ఎవరో మర్యాదగా రాశారు. “ఆవకాయకి హెచ్చరిక జాడీ మూత తీస్తేనే వస్తుంది కదరా” అన్నాడాయన. ఫొటో కింద అందులో ఏముందో రాయాలన్న పట్టింపును మాత్రం నేను నవ్వులాటలో కలపను. చూపు లేనివాళ్లకి అది చదివి వినిపించే యంత్రాలుంటాయి, మనం పట్టించుకోని పని వాళ్లు పట్టించుకున్నారు. ఆ యంత్రాల కోసమే హ్యాష్‌ట్యాగులో ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలవ్వాలన్నారు. అందులో మాత్రం పెద్దా చిన్నా అక్షరాల్లేని తెలుగువాడికి మినహాయింపు దొరికింది.

తెర నియమం ఎక్కడిదాకా వెళ్లిందంటే, అమెరికాలో నల్లజాతివాళ్లు తమకెదురైన వివక్ష గురించి రాస్తే, చదివేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, తెర వెయ్యండని కొందరు పాతకాపులు చెప్పారు. జరిగినవాడికి లేని మినహాయింపు విన్నవాడికి కావాలి! ఈ రకం పెద్దరికం మనకి బాగా తెలిసిందే, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

వెలివేయడమూ ఉంది. ఒక సర్వర్ పెద్దకి ఇంకో సర్వర్ నచ్చకపోతే దాన్ని మొత్తంగా తెంచేస్తాడు, అందులో ఉన్న నీ స్నేహితుడు ఏ పాపం ఎరగకపోయినా సరే. ఊరు మారొచ్చు. అనుసరించేవాళ్లు నీ వెంట వస్తారు, నువ్వు రాసినవి మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతాయి. ఊరే మునిగిపోవడమూ జరిగింది. క్వీర్ డాట్ ఏఎఫ్ అని స్వలింగ ప్రేమికులూ వాళ్ల నేస్తాలూ చేరిన సర్వర్ ఒకటుండేది. ఆ చివరి రెండక్షరాలు చూడ్డానికి కులాసాగా ఉన్నాయని పెట్టుకున్నారు, అవి అఫ్గానిస్థాన్‌వి. 2024 ఫిబ్రవరిలో తాలిబాన్ల ప్రభుత్వం ఆ పేరును ఆపేసింది. కాలిఫోర్నియా యజమాని వద్దని వెళ్లినవాళ్లకి కాబూల్లో ఒకడు తేలాడు.

బాబాయిని దెబ్బతీసింది మాత్రం తాలిబాన్లు కాదు, ప్రైవేటు మెసేజ్. అందులో మూడోమనిషి చిరునామా రాస్తే ఆ మెసేజ్ మూడోమనిషికీ చేరుతుంది. తన పాత హెడ్మాస్టరు పరీక్షల బిల్లుల్లో చూపించిన హస్తలాఘవం గురించి ఒక స్నేహితుడికి గుట్టుగా రాస్తూ, మర్యాదకి లోటు రాకూడదని ఆయన పేరు సర్వర్‌తో సహా రాశాడు. నిమిషంలో జవాబొచ్చింది. స్నేహితుడి నుంచి కాదు. “అంతేనా మాస్టారూ, 1994 బిల్లు మరిచిపోయినట్టున్నారు” అని హెడ్మాస్టరు గారే రాశారు.

ఈలోగా మస్క్ కూడా ఊరుకోలేదు. భావప్రకటన స్వేచ్ఛ కోసమే కొన్నానన్నవాడు 2022 డిసెంబరులో మాస్టడాన్ అధికారిక ఖాతాను ట్విట్టర్‌లో నిలిపేసి, అక్కడికి దారి చూపే లింకుల్నీ అడ్డుకున్నాడు. మాస్టడాన్‌కి అంతకన్నా మంచి ప్రకటన ఎవరూ ఇవ్వలేరు. అయినా జనం ఆగలేదు, వెనక్కి నడిచారు. 2023 జులైలో మెటా వాళ్లు థ్రెడ్స్ తెరిస్తే ఐదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారు. సర్వర్ ఏదని అడగలేదు, అర్జీ రాయమనలేదు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంటే ఒక్కసారి నొక్కడమే. ఆ తర్వాతి సంవత్సరం థ్రెడ్స్ కూడా యాక్టివిటీపబ్ పట్టుకుని పొలిమేరకొచ్చి తలుపు తట్టింది. తియ్యాలా వద్దా అని మాస్టడాన్ ఊళ్లలో అప్పటికే పంచాయతీలు నడుస్తున్నాయి.

బాబాయి థ్రెడ్స్‌లో చేరిన రోజు ఫోన్ చేశాడు. ఖాతా తెరవగానే ఎవరెవర్ని అనుసరించాలో అదే చెప్పిందట. కాసేపటికి తనకి గిట్టని రాజకీయ పార్టీ మనిషిని ఎదురుగా తెచ్చి పెట్టిందట. ఆ మనిషితో అప్పటికే నాలుగు మాటలు అనిపించుకుని, ఆరు అనేశాడట. గొంతులో పదేళ్ల వయసు తగ్గింది.

“ఇంతకీ దీనికి యజమాని ఎవరో తెలుసా బాబాయ్?”

“ఎవరో ఒకరున్నార్లేరా,” అన్నాడు, “ఫోన్ పెట్టెయ్, వాడు మళ్లీ ఏదో రాశాడు.”